పిస్టన్స్ సగం సీజన్ టికెట్: ఏడాది వాడాక చెప్తున్నా

ఎన్‌బీఏ బాస్కెట్‌బాల్ జట్టు డెట్రాయిట్ పిస్టన్స్ ఆటలకి సగం సీజన్ టికెట్ (సొంత ఊళ్ళో ఆడే ఆటల్లో సగానికి ముందే కట్టేది) తీసుకుని ఏడాది దాటింది. డెట్రాయిట్ శివార్లలో నోవై, ఫార్మింగ్టన్ హిల్స్, ట్రాయ్ వైపు ఉండే మనవాళ్ళు కనిపించినప్పుడల్లా "తీసుకోవచ్చా, డబ్బు దండగా?" అని అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పే బదులు ఇక్కడ రాసేస్తే అందరికీ పనికొస్తుందని కూర్చున్నా. నా మార్కులు 5కి నాలుగున్నర. తీసుకోండి. అయితే ఎందుకు తీసుకోమంటున్నానో అర్థం కావాలంటే సీటు ఎంత మెత్తగా ఉంది, స్క్రీన్ ఎంత పెద్దగా ఉంది అన్న సంగతుల కంటే ముందు ఆటగాళ్ళ జీతాల లెక్క చెప్పాలి. ఓడిపోతున్న టీమ్ టికెట్‌కి డబ్బు వేసవిలోనే కడతాం, అప్పటికి అక్టోబర్లో ఎవరు ఆడతారో ఎవరికీ తెలీదు. ఆ టీమ్ ఆఫీసులో కూర్చున్నవాళ్ళు చేతిలో ఉన్న డబ్బు ఎలా ఖర్చుపెడతారన్నదాని మీదే మన చలికాలం సాయంత్రాలన్నీ ఆధారపడి ఉంటాయి.

నేను కట్టింది 2024 జూన్‌లో. అంతకు ముందు సీజన్ ఎలా గడిచిందో ఇక్కడున్నవాళ్ళకి గుర్తే. 82 ఆటల్లో 14 గెలిచి 68 ఓడారు. 2023 అక్టోబర్ 30 నుంచి డిసెంబర్ 28 దాకా వరసగా 28 ఆటలు ఓడారు, ఒకే సీజన్లో అన్ని ఆటలు వరసగా ఓడిన జట్టు ఎన్‌బీఏ చరిత్రలో అంతకు ముందు లేదు. డిసెంబర్ 26న బ్రూక్లిన్‌తో ఆటకి ఆఫీసులో ఒకాయన తను వెళ్ళలేక నాకు రెండు టికెట్లు ఇస్తే మా చిన్నోణ్ణి తీసుకుని వెళ్ళా. అది 27వ ఓటమి. మా జట్టులో ముఖ్యమైన ఆటగాడు కేడ్ కనింగ్‌హమ్ ఆ రాత్రి ఒక్కడే 41 పాయింట్లు కొట్టాడు, అయినా సరిపోలేదు. పై వరసల్లోంచి "టీమ్ అమ్మేయండి" అని జనం యజమానిని ఉద్దేశించి అరుస్తుంటే మావాడు జాకెట్ జిప్పు గడ్డం దాకా లాక్కుని ముడుచుకుని కూర్చున్నాడు. కార్లో చాలాసేపు ఏం మాట్లాడలేదు. ఇంటి దగ్గరికి వచ్చాక అడిగాడు, "నాన్నా, కేడ్‌కి ఎవరూ ఎందుకు సాయం చెయ్యట్లేదు?" అని.

వాడి ప్రశ్న సరైనదే. కేడ్ బంతి తీసుకుని లోపలికి దూసుకెళ్తే అవతలి జట్టువాళ్ళు ముగ్గురు వచ్చి మీద పడేవాళ్ళు, ఎందుకంటే బయట నిలబడ్డవాళ్ళకి బంతి ఇచ్చినా త్రీ (దూరం నుంచి వేసే మూడు పాయింట్ల షాట్) పడదని వాళ్ళకి ధైర్యం. జేడెన్ ఐవీ, జేలెన్ డ్యూరెన్, అసార్ థాంప్సన్ అందరూ మంచి కుర్రాళ్ళే, డ్రాఫ్టులో (కొత్త కుర్రాళ్ళని జట్లు వంతులవారీగా ఎంచుకునే పద్ధతి) మొదటి రౌండ్‌లోనే తీసుకున్నవాళ్ళే. కానీ ఇంట్లో అందరూ చదువుకుంటున్న పిల్లలే ఉంటే సంపాదన ఎక్కడ్నుంచి వస్తుంది? పెద్దవాళ్ళు ఒకరిద్దరు కావాలి. వాళ్ళని కొనడానికి డబ్బు ఉందా అంటే, ఆ వేసవిలో లీగ్‌లో చాలా జట్ల కంటే వీళ్ళ దగ్గరే ఎక్కువ ఉంది.

ఎలాగో చెప్తా. ఎన్‌బీఏలో ప్రతి జట్టుకీ జీతాల మీద ఒక హద్దు ఉంటుంది, శాలరీ క్యాప్ అంటారు. 2024-25కి అది 140.6 మిలియన్ డాలర్లు, అంటే 14 కోట్ల డాలర్ల పైచిలుకు. ఇదేమీ కచ్చితంగా ఆగాల్సిన గోడ కాదు, సొంత ఆటగాళ్ళని ఉంచుకోవడానికి దాటొచ్చు, కొన్ని మినహాయింపులు కూడా ఉన్నాయి. కానీ బయట జట్టు నుంచి ఖాళీ అయిన ఒక మంచి ఆటగాణ్ణి పెద్ద జీతంతో నేరుగా తెచ్చుకోవాలంటే ఆ హద్దు కింద ఖాళీ ఉండాలి. అదే క్యాప్ స్పేస్. పిస్టన్స్ కుర్రాళ్ళందరూ డ్రాఫ్టు ఒప్పందాల మీద ఉన్నారు కాబట్టి జీతాలు తక్కువ, కేడ్‌కే 2024-25లో 14 మిలియన్ల లోపు. అందువల్ల 60 మిలియన్ డాలర్లకి పైగా ఖాళీ చేసుకునే వీలు వచ్చింది. కేడ్ అంత తక్కువ జీతానికి ఆడే ఆఖరి ఏడాది కూడా అదే. ఆ పై ఏడాది నుంచి వాడి కొత్త ఒప్పందం మొదలైతే మళ్ళీ ఇంత జాగా దొరకదు. నాకు టెన్షన్ అంతా అక్కడే. ఒక్క వేసవి, ఒక్క అవకాశం.

ఇంకో చిన్న సంగతి కూడా తెలిసి ఉంటే మంచిది, మా ఇంట్లో దీని మీద పెద్ద చర్చ జరిగింది. ఒప్పందం అయిపోయిన సొంత ఆటగాడు ఇంకా సంతకం పెట్టకపోయినా వాడి పేరు మీద కొంత మొత్తం లెక్కలో అలాగే ఉంచుతారు, క్యాప్ హోల్డ్ అంటారు. మావాడికి ఎంతకీ అర్థం కాకపోతే మా ఆవిడ చెప్పింది, "మీ అమ్మమ్మ ఊరు వెళ్ళేటప్పుడు ఆర్టీసీ బస్సు కిటికీలోంచి కర్చీఫ్ వేసి సీటు ఆపుకుంటాం చూడు, అదే ఇది" అని. మనిషి ఎక్కలేదు, సీటు మాత్రం నిండిపోయింది. ఆ సీటు ఇంకొకరికి ఇవ్వాలంటే కర్చీఫ్ తీసెయ్యాలి, తీసేస్తే ఆ పాత మనిషి మీద ఉన్న ప్రత్యేక హక్కు పోతుంది. ఆ తర్వాత వాడికి నేను మళ్ళీ చెప్పాల్సిన అవసరం రాలేదు.

ఇక జూన్ 30. సాయంత్రం 6 గంటలకి ఫ్రీ ఏజెన్సీ, అంటే ఒప్పందం అయిపోయిన ఆటగాళ్ళతో జట్లు బేరాలాడే సమయం, మొదలు. ఆ రోజు ఆదివారం, ట్రాయ్‌లో మా బావ వాళ్ళింట్లో భోజనాలు. పెరట్లో అందరూ కూర్చుని ఉన్నారు, చిన్నోడు మాత్రం ఫోన్ పట్టుకుని మెట్ల మీద. నేను కూడా ప్లేటులో వంకాయ కూర చల్లారిపోతున్నా ప్రతి రెండు నిమిషాలకీ వాడి వైపు చూస్తున్నా. బావ అడిగాడు, "ఏంట్రా, ఎవడైనా వస్తాడంటావా మన ఊరికి?" "డబ్బుంది కదా బావా" అన్నా. "డబ్బుంటే సరిపోతుందా, నీళ్ళు లేని ఊరికి పిల్లనెవరిస్తారు?" అన్నాడు. తెల్లారి చూస్తే ఆ వేసవిలో అందరూ ఎదురుచూసిన పాల్ జార్జ్ ఫిలడెల్ఫియాకి వెళ్తున్నాడని వార్త, నాలుగేళ్ళకి 212 మిలియన్లు. పెద్ద పేరున్నవాళ్ళు ఎవరూ డెట్రాయిట్ వైపు చూడలేదు.

నిజం చెప్తున్నా, ఆ రోజు నాకు బాధేసింది. టికెట్ డబ్బు కట్టి మూడు వారాలు కూడా కాలేదు. అయితే పిస్టన్స్‌ని ఎక్కువ ఏళ్ళుగా చూస్తున్నవాళ్ళకి ఇంకో భయం ఉంటుంది, అది స్టార్ రాకపోవడం కంటే పెద్దది. చేతిలో డబ్బు ఉంది కదా అని ఎవరికో ఒకరికి ఇచ్చెయ్యడం. 2009 వేసవిలో సరిగ్గా అదే జరిగింది. బెన్ గోర్డన్‌కి, చార్లీ విల్లనువేవాకి ఐదేసి ఏళ్ళ ఒప్పందాలు, ఇద్దరికీ కలిపి సుమారు 90 మిలియన్లు. మరుసటి సీజన్లో గెలిచినవి 27. మళ్ళీ ప్లేఆఫ్స్ (సీజన్ చివర్లో పై జట్లు మాత్రమే ఆడే ఆటలు) మొహం చూసింది 2016లో. మధ్యలో 2013లో జాష్ స్మిత్‌కి నాలుగేళ్ళకి 54 మిలియన్లు ఇచ్చారు, ఏడాదిన్నర తిరగకముందే 2014 డిసెంబర్లో వదిలేశారు. వదిలేసినంత మాత్రాన కట్టాల్సిన డబ్బు తప్పదు కదా. మిగిలిన రెండేళ్ళ జీతాన్ని ఐదేళ్ళకి సాగదీసి కట్టుకునే పద్ధతి ఒకటి ఉంది, అలా 2019-20 దాకా ఏటా 5 మిలియన్ల పైన లెక్కలో కూర్చుంది. కారు అమ్మేసి కూడా ఐదేళ్ళు ఈఎమ్ఐ కట్టడం లాంటిది అది. ఆటగాడు లేడు, వాడి జాగా మాత్రం నిండే ఉంది. అలాంటి తప్పు ఒక్కటి చేస్తే కేడ్ మంచి వయసంతా అందులో కరిగిపోతుందని నా భయం.

2024లో కొత్తగా వచ్చిన టీమ్ ప్రెసిడెంట్ ట్రజాన్ లాంగ్డన్ ఏం చేశాడో చూడండి. నా దృష్టిలో ఈ టికెట్‌కి అసలు విలువ ఇచ్చింది ఆ రెండు మూడు వారాల పనే.

ముందు కోచ్‌ని మార్చారు. మాంటీ విలియమ్స్‌ది ఆరేళ్ళకి 78.5 మిలియన్ల ఒప్పందం, ఏడాదికే ఆపేశారు. కోచ్ జీతం క్యాప్ లెక్కలోకి రాదు, అది యజమాని టామ్ గోర్స్ జేబులోంచి పోయేది, కాబట్టి ఆటగాళ్ళకి పెట్టే డబ్బులో ఒక్క డాలరూ తగ్గలేదు. అంత డబ్బు వదులుకోవడానికి ఒప్పుకున్నందుకు మాత్రం గోర్స్‌ని మెచ్చుకోవాలి. కొత్త కోచ్‌గా జేబీ బికర్‌స్టాఫ్‌ని తెచ్చారు.

తర్వాతది నాకు బాగా నచ్చిన బేరం. డాలస్ వాళ్ళు క్లే థాంప్సన్‌ని తెచ్చుకోవాలని చూస్తున్నారు, వాళ్ళ లెక్కలో జాగా లేదు. మనకి గోడౌన్ ఖాళీగా ఉంది, పక్కూరి వ్యాపారికి బస్తాలు దింపడానికి చోటు లేదు, అలాంటప్పుడు ఏం చేస్తాం? దింపుకుని అద్దె తీసుకుంటాం. డాలస్ నుంచి టిమ్ హార్డవే జూనియర్‌ని, వాడి 16 మిలియన్ల జీతంతో సహా తీసుకున్నారు, దాంతో పాటు మూడు సెకండ్ రౌండ్ పిక్స్ (రాబోయే డ్రాఫ్టుల రెండో రౌండ్‌లో ఆటగాణ్ణి ఎంచుకునే హక్కులు) పుచ్చుకున్నారు. ఇచ్చింది క్వెంటిన్ గ్రైమ్స్‌ని. గ్రైమ్స్ తర్వాత బాగా ఆడాడు, అది ఒప్పుకుంటా. కానీ హార్డవే త్రీలు కొట్టే మనిషి, ఒప్పందం ఒక్క ఏడాదే మిగిలింది, నచ్చకపోతే వేసవికి జాగా మళ్ళీ మన చేతికొస్తుంది. పైగా మూడు పిక్స్. గోడౌన్‌లో దిగిన సరుకు కూడా మనకి పనికొచ్చేదే అయింది.

టొబయస్ హారిస్‌ని రెండేళ్ళకి 52 మిలియన్లకి తెచ్చారు. ఇది విన్నప్పుడు మా బావ ఫోన్ చేసి మరీ తిట్టాడు, ఆ వయసువాడికి అంత డబ్బేంట్రా అని. నేను కూడా ఎక్కువే అనుకున్నా. కానీ రెండేళ్ళే. నాలుగేళ్ళు ఇవ్వలేదు, ఐదేళ్ళు ఇవ్వలేదు. డబ్బు కాస్త ఎక్కువిచ్చి ఏళ్ళు తగ్గించుకున్నారు, 2009లో చెయ్యనిది అదే. హారిస్ ఇంతకు ముందు ఇక్కడ ఆడి 2018లో బ్లేక్ గ్రిఫిన్ కోసం జరిగిన మార్పిడిలో వెళ్ళిపోయినవాడు, ఊరు కొత్త కాదు. కుర్రాళ్ళ మధ్య పెద్దన్నలా ఉంటాడని తెచ్చారు, అలాగే ఉన్నాడు.

ఇక మాలిక్ బీస్లీ. ఒక్క ఏడాది, 6 మిలియన్లు. ఈ పేరు వార్తల్లో చూసినప్పుడు పట్టించుకోను కూడా లేదు. సీజన్ అయ్యేసరికి 82 ఆటలూ ఆడి 319 త్రీలు కొట్టాడు, లీగ్ మొత్తంలో వాడి కంటే ఎక్కువ కొట్టింది ఆంథొనీ ఎడ్వర్డ్స్ ఒక్కడే, అదీ ఒకే ఒక్క త్రీ ఎక్కువ. మా చిన్నోడు కంప్యూటర్లో ఒక పట్టిక పెట్టుకున్నాడు, ఒక్కో ఆటగాడి జీతం, కొట్టిన త్రీలు, భాగహారం. బీస్లీ త్రీ ఒక్కొక్కటి 19 వేల డాలర్ల లోపు పడింది. వాడు ఏప్రిల్లో ఆ అంకె చూసి కుర్చీలోంచి లేచి వంటింట్లోకి పరిగెత్తుకొచ్చాడు. ఏడో తరగతి పిల్లాడికి భాగహారం మీద అంత సంతోషం వస్తుందని నేనెప్పుడూ అనుకోలేదు.

ఇంత కొన్నాక కూడా జాగా మిగిలింది. సుమారు 14 మిలియన్ల దాకా ఖాళీ ఉంచేసి సీజన్ మొదలుపెట్టారు. పెళ్ళి వంటలో చివర్లో కావాలని కొంత సరుకు పక్కన పెట్టుకుంటారు చూడండి, అలా. 2025 ఫిబ్రవరిలో జిమ్మీ బట్లర్ మార్పిడిలో నాలుగైదు జట్లు ఒకేసారి కదిలినప్పుడు ఆ ఖాళీ పెట్టి డెనిస్ ష్రోడర్‌ని తెచ్చుకున్నారు. జనవరి 1న ఐవీ కాలు విరిగింది, ఆ రోజు నుంచీ కేడ్ కాక బంతి నడిపించే రెండో మనిషి లేక ఇబ్బంది పడుతున్నాం. సరిగ్గా ఆ లోటుకే వచ్చాడు. జులైలోనే డబ్బంతా ఊడ్చిపెట్టి ఉంటే ఫిబ్రవరిలో చేతులు కట్టుకుని చూస్తూ ఉండేవాళ్ళం.

ఫిలడెల్ఫియా సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ రెండు జట్ల కథ ఒకేచోట ముడిపడింది. అంతకు ముందు వాళ్ళ దగ్గరున్న హారిస్ పెద్ద జీతం లెక్కలోంచి పోవడంతోనే వాళ్ళకి పాల్ జార్జ్‌ని కొనే జాగా దొరికింది. వాళ్ళు స్టార్‌ని కొన్నారు, మేం వాళ్ళు వదిలిన మనిషిని కొన్నాం. జార్జ్ 41 ఆటలే ఆడాడు, వాళ్ళ ఇంకో స్టార్ ఎంబీడ్ 19, ఆ జట్టు గెలిచినవి 24. దెబ్బలు ఎవరి చేతిలోనూ ఉండవు కాబట్టి వాళ్ళని తప్పుపట్టలేను. పిస్టన్స్ మొదటి నాలుగు ఆటలూ ఓడి, మొదటి గెలుపు అక్టోబర్ 30న ఫిలడెల్ఫియాలోనే తెచ్చుకున్నారు. ఏడాది కిందట సరిగ్గా అదే తేదీన ఆ 28 ఓటముల వరస మొదలైంది. మా ఇంట్లో ఆ రాత్రి ఆటయ్యాక కూడా ఎవరికీ నిద్ర రాలేదు.

సరే, టికెట్ సంగతికి వస్తా.

మా సీట్లు పైన, పక్క వైపు, మధ్య గీతకి కాస్త ఎడంగా. పై నుంచి చూస్తే ఎవరు ఎక్కడ నిలబడ్డారో మొత్తం కనిపిస్తుంది, కేడ్ లోపలికి వెళ్ళగానే మూలలో బీస్లీ చేతులు ఎత్తి సిద్ధంగా ఉండటం ఇక్కడి నుంచి చూసినంత బాగా టీవీలో కనపడేది కాదు. 2023లో ముగ్గురు మీద పడేవాళ్ళని చెప్పానే, 2024-25లో ఇద్దరే వచ్చేవాళ్ళు, మూడోవాడు మూల వదిలిపెట్టి రావడానికి భయపడేవాడు. ఆ భయం కొన్నది 6 మిలియన్లతో, 16 మిలియన్లతో. చిన్నోడే నాకు చూపించాడు, వేలు పెట్టి, "అదిగో నాన్నా, వాడు కదల్లేదు" అని.

ఫార్మింగ్టన్ హిల్స్ నుంచి లాడ్జ్ ఫ్రీవే మీద వెళ్తే మామూలుగా అరగంట పైన, మంచు పడితే గంట అనుకోండి. ఆటలు ఎక్కువగా రాత్రి 7కి. ఆఫీసు నుంచి వచ్చి తిని బయల్దేరడం కుదరదు, అందుకే మేం డబ్బాల్లో పులిహోర, పెరుగన్నం పెట్టుకుని కార్ ఆపాక లోపలే హీటర్ వేసుకుని తినేసి వెళ్తాం. లోపల కొనుక్కోవచ్చు, కానీ నలుగురూ ప్రతిసారీ కొంటే నెల బడ్జెట్ కుదరదు. పార్కింగ్ ముందే బుక్ చేసుకోండి. ఒకసారి అరీనా దగ్గర్లో ఒక ప్రైవేటు లాట్‌లో బోర్డు మీద ఒక రేటు రాసి ఉంది, లోపలికి వెళ్ళాక ఇంకో రేటు అడిగారు, వెనక కార్లు ఆగిపోయి ఉంటే ఇచ్చి వచ్చా. అప్పట్నుంచి నాలుగు వీధులు అవతల ఆపి నడుస్తున్నాం. జనవరిలో ఆ నడకకి మంచి బూట్లు, చెవులు మూసే టోపీ తప్పనిసరి.

వెళ్ళలేని ఆటల టికెట్లు అమ్ముకోవచ్చు కదా అనుకుంటారు. మొదట్లో అది జరగలేదు. నవంబర్లో ఒక బుధవారం ఆట టికెట్లు ఒక రీసేల్ యాప్‌లో పెడితే రెండు రోజులు ఎవరూ ముట్టుకోలేదు, ఆఖరికి సగం ధరకి పోతే అందులో యాప్ వాడి ఫీజు పోను చేతికొచ్చింది చూసి మా ఆవిడ ఇంకెప్పుడూ అమ్మొద్దంది. తర్వాత నుంచి గుడిలో, క్రికెట్ గ్రూపులో తెలిసినవాళ్ళకి ఫోన్లోనే పంపేస్తున్నాం, పంపడం చాలా సులువు. మార్చి వచ్చేసరికి వాళ్ళే "ఈ వారం ఖాళీ ఏమైనా ఉందా" అని అడగడం మొదలుపెట్టారు. 44 గెలుపులు, 38 ఓటములతో సీజన్ ముగిసింది. అంతకు ముందు ఏడాది పూర్తి 82 ఆటల సీజన్లో గెలిచినవాటికి మూడింతలు గెలిచిన జట్టు ఎన్‌బీఏలో అప్పటిదాకా లేదు. 14 నుంచి 44. రెండు చివరలూ ఆ అరీనాలో కూర్చుని చూశాను కాబట్టి చెప్తున్నా, బయట నుంచి చదివితే అది అంకె మాత్రమే.

సభ్యులకి ప్లేఆఫ్స్ టికెట్లు ముందుగా కొనుక్కునే వీలుంటుంది. దీని కోసమైనా ప్లాన్ తీసుకోవచ్చు. న్యూయార్క్‌తో మొదటి రౌండ్, ముందు నాలుగు ఆటలు గెలిచినవాళ్ళదే సిరీస్. 2008 నుంచి ఈ జట్టు ప్లేఆఫ్స్‌లో వరసగా 15 ఆటలు ఓడింది, ఆ వరస ఏప్రిల్ 21న న్యూయార్క్‌లో రెండో ఆటలో తెగింది, నిమిషం లోపు మిగిలినప్పుడు ష్రోడర్ కొట్టిన త్రీతో. ఫిబ్రవరి దాకా దాచిపెట్టిన జాగా అది. మేం వెళ్ళింది ఏప్రిల్ 27 నాలుగో ఆటకి. ఆదివారం మధ్యాహ్నం. జట్టు పరిచయం చేస్తున్నప్పుడు ఊరి పేరు సాగదీసి పలుకుతారు, "డీ... ట్రాయిట్" అని, ఇరవై వేల మంది ఒకేసారి అంటుంటే కాళ్ళ కింద కాంక్రీటు కదిలినట్టనిపిస్తుంది. చివరి క్షణాల్లో ఒక్క పాయింట్ వెనక. కేడ్ షాట్ పడలేదు, బంతి కోసం పెనుగులాట, ఎలాగో మూలలో ఉన్న హార్డవే చేతికొచ్చింది. ఎగిరాడు, న్యూయార్క్ ఆటగాడు జాష్ హార్ట్ వచ్చి తగిలాడు, బంతి పడలేదు, విజిల్ రాలేదు. 94-93తో ఓడాం. ఆటయ్యాక రెఫరీయే ఒప్పుకున్నాడు, అది ఫౌల్ ఇవ్వాల్సిందని. అప్పటికి మేం మెట్లు దిగుతున్నాం. నా ముందు ఒక పెద్దాయన, 2004 చాంపియన్‌షిప్ నాటి చొక్కా వేసుకున్నాడు, మావాడి తల మీద చెయ్యి వేసి "వచ్చే ఏడాది ఉంది కదా" అని వెళ్ళిపోయాడు. ఆరో ఆటలో ఇక్కడే 116-113తో సిరీస్ పోయింది, ఇంకో నాలుగు సెకన్లు మిగిలుండగా న్యూయార్క్ ఆటగాడు బ్రన్సన్ త్రీ కొట్టాడు. ఏడవలేదంటే అబద్ధం.

అర మార్కు ఎందుకు తగ్గించానంటే, వారం మధ్యలో ఆటలు ఎక్కువ. స్కూలున్న పిల్లలతో పదిన్నరకి ఇల్లు చేరడం కష్టం. సగం ప్లాన్‌లో శని, ఆదివారాల ఆటలు ఎన్ని ఉన్నాయో కట్టే ముందు తేదీలు దగ్గర పెట్టుకుని లెక్కపెట్టండి, నేను లెక్కపెట్టలేదు.

2025-26 సీజన్‌కి కడుతున్నవాళ్ళు ఒకటి తెలుసుకోవాలి. 2024 వేసవి లాంటి జాగా 2025లో లేదు. 2025 మే నెలలో కేడ్ ఆల్ ఎన్‌బీఏ (ఆ ఏడాది లీగ్‌లో మేటి ఆటగాళ్ళని మూడు జట్లుగా ఎంచి ఇచ్చే గౌరవం) మూడో జట్టులోకి వచ్చాడు, దాంతో ఐదేళ్ళకి 224 మిలియన్లనుకున్న ఒప్పందం 269కి చేరింది. ఒప్పందం రాసుకున్నప్పుడే అలా మెలిక పెట్టుకున్నారు. 2025-26 క్యాప్ 154.6 మిలియన్లు, అందులో 30 శాతం వాడొక్కడిదే, 46 మిలియన్ల పైన. 14 నుంచి 46. వాడికి ఆ డబ్బు దక్కాల్సిందే. కానీ ఇక నుంచి గోడౌన్ నిండినట్టే, పక్కూరి బస్తాలు దింపుకునే రోజులు అయిపోయాయి. ఐవీ, డ్యూరెన్‌ల కొత్త ఒప్పందాల సమయం కూడా దగ్గరపడింది.

2025 జులై మొదటి వారంలో నోవైలో తానా మహాసభలు జరుగుతుంటే, భోజనాల క్యూలో నిలబడి నేనూ బావా ఇదే మాట్లాడుకున్నాం. హార్డవే డెన్వర్ వెళ్ళిపోయాడు, ష్రోడర్ సాక్రమెంటోకి, బీస్లీతో కొత్త ఒప్పందం కాలేదు. అంటే ఏడాది కిందట కొన్న త్రీలన్నీ ఇల్లు వదిలి వెళ్ళాయి. వాళ్ళ బదులు కారిస్ లవర్ట్‌ని రెండేళ్ళకి 29 మిలియన్లకి, డంకన్ రాబిన్సన్‌ని మయామి నుంచి మూడేళ్ళకి 48 మిలియన్లకి తెచ్చారు. "మళ్ళీ స్టార్ లేడు కదరా" అన్నాడు బావ. "నిరుడు కూడా లేడు కదా బావా" అన్నా. కాసేపు ఆలోచించి, "సరే, నాకూ రెండు సీట్లు చూడు, మీ వరసలోనే" అన్నాడు. మహాసభల్లో నేను విన్న మంచి మాటల్లో అదొకటి.

రాబిన్సన్ మీద నాకు నమ్మకముంది, కదులుతూ త్రీలు కొట్టే మనిషి, కేడ్ లాంటివాడి పక్కన ఇంకా బాగుంటాడు. లవర్ట్ మీద అంత లేదు, చూడాలి. చిన్నోడు ఇద్దరి పేర్లూ పట్టికలో ఎక్కించేశాడు, త్రీల గడి ఖాళీగా పెట్టి. మేం రెన్యూ చేశాం, అదే వరస, ఈసారి ఆరు సీట్లు. నవంబర్లో వారం మధ్య ఆటలు రెండింటికి మేం వెళ్ళలేం, చుట్టుపక్కల ఉన్నవాళ్ళెవరికైనా కావాలంటే ముందే చెప్పండి, యాప్‌లో పెట్టను, కొన్న ధరకే ఇస్తా.